పాత ఫ్యాక్టరీ స్లేవ్ క్లాక్‌ను గుర్తుపట్టి మళ్లీ నడిపించడం ఎలా

ముందుగా ఒక్క మాట. స్క్రాపు దుకాణంలో దొరికిన ఆ పెద్ద గుండ్రటి గడియారం వెనక రెండు తీగలు వేలాడుతున్నాయి కదా అని వాటిని ప్లగ్గులో పెట్టకండి. అది 230 వోల్టుల గడియారం కాకపోతే లోపలి కాయిల్ నిమిషాల్లో కాలిపోతుంది, అలాంటి కాయిల్ మళ్లీ బజారులో దొరకదు. ఇన్వర్టర్ బ్యాటరీకి నేరుగా తగిలించి వదిలేయడం కూడా చేయొద్దు. ఈ రకం గడియారానికి ఎప్పుడూ పారే కరెంటు అక్కర్లేదు, నిమిషానికో అరనిమిషానికో ఒక్క చిన్న తోపు కావాలి, అంతే.

మన వైపు షిఫ్టుల మీద బతికిన ఊళ్లు చాలా ఉన్నాయి. వరంగల్‌లో 1934లో పెట్టిన అజంజాహి మిల్లు, కాగజ్‌నగర్ పేపర్ మిల్లు, బోధన్ చక్కెర ఫ్యాక్టరీ, రామగుండం పవర్ స్టేషన్, సింగరేణి బాయిలు, కాజీపేట జంక్షన్. ఇలాంటి పెద్ద కార్ఖానాల్లో, స్టేషన్లలో అన్ని గోడల మీదా ఒకే టైము ఉండాలి, లేకపోతే షిఫ్టు ఎక్కేవాడికి ఒక టైము, దిగేవాడికి ఇంకో టైము అయిపోతుంది. దానికోసం ఒకప్పుడు చేసిన ఏర్పాటే మాస్టర్ క్లాక్, స్లేవ్ క్లాక్. ఆఫీసులో మంచి లోలకం ఉన్న మాస్టర్ గడియారం ఒకటి ఉంటుంది. అది ప్రతి అరనిమిషానికో నిమిషానికో తీగల్లోకి ఒక పల్స్ పంపిస్తుంది, ఆ పల్స్ అందిన ప్రతి డయల్‌లో ముల్లు ఒక్క అడుగు ముందుకు దూకుతుంది. స్లేవ్ క్లాక్‌కు సొంతంగా టైము తెలియదు, అది పల్సులు లెక్కపెడుతుంది. కాబట్టి దాన్ని మళ్లీ నడిపించడమంటే ఆ పల్సులను మనం తయారుచేసి ఇవ్వడమే.

ఇక్కడే ఇంకో విషయం కూడా గట్టిగా చెప్పాలి. చాలామంది ఈ గడియారం కొనగానే లోపలి మిషన్ పీకేసి, నూటయాభై రూపాయల క్వార్ట్జ్ మిషన్ బిగించి గోడకు తగిలిస్తున్నారు. దయచేసి అలా చేయకండి. ఈ మిషన్లలో అరిగిపోయే భాగాలు చాలా తక్కువ, వందేళ్లు ఆడేలా చేసినవి, ఒక పెన్సిల్ సెల్లుతో బతికున్నదో లేదో పది నిమిషాల్లో తేలిపోతుంది. పైగా రెండడుగుల డయల్ మీది బరువైన ముళ్లను ఆ ప్లాస్టిక్ మిషన్ ఎక్కువ కాలం లాగలేదు.

గుర్తుపట్టడం

వెనక మూత తీయండి. చూడాల్సింది ఏమి ఉందో కాదు, ఏమి లేదో. కీ తిప్పే రంధ్రం ఉండదు, స్ప్రింగు డబ్బా ఉండదు, లోలకం ఉండదు, సెల్లు పెట్టే చోటు ఉండదు. ముందువైపు సెకన్ల ముల్లు కూడా దాదాపు ఉండదు. అంత పెద్ద కేసులో మధ్యన అరచేతిలో పట్టేంత చిన్న మిషన్, దానికి ఒకటి రెండు కాయిల్స్, రెండు టెర్మినల్స్ మాత్రమే కనిపిస్తే అది స్లేవ్ క్లాక్ అని దాదాపు ఖాయం. మూడో తీగ ఉంటే ఆగండి. అమెరికా పద్ధతిలో గంటకోసారి ముల్లును సరిచేసే రకం అయి ఉండొచ్చు, దాని వైరింగ్ వేరు, కింద చెప్పినవి దానికి నేరుగా పనికిరావు.

జాగ్రత్తగా వేరుచేయాల్సింది ఒకటుంది, అది కరెంటు మోటారు గడియారం. 230 వోల్టుల మీద, 50 సైకిల్స్ లెక్కతో తిరిగే సింక్రనస్ మోటారు దాంట్లో ఉంటుంది. మోటారు నుంచి ముల్లు దాకా వేగం తగ్గించే చక్రాల వరుస, సాఫీగా తిరిగే సెకన్ల ముల్లు, ప్లేటు మీద వోల్టులు, సైకిల్స్ అని రాసి ఉండటం దాని గుర్తులు. దానికి ఈ పని అవసరమే లేదు.

స్లేవ్ క్లాక్ అని తేలాక అది ఏ రకమో తెలియాలి. మన దేశంలో ఎక్కువగా చేతికొచ్చేవి రెండు కుటుంబాలు.

మొదటిది బ్రిటిష్ రకం. డయల్ మీదో కేసు లోపలో సింక్రోనోమ్ అనో, జెంట్స్ ఆఫ్ లెస్టర్ అనో, జెంట్స్ వాళ్ల బ్రాండు పేరు పల్-సిన్-ఎటిక్ అనో ఉంటుంది. ఇవి అరనిమిషానికి ఒక పల్స్ తీసుకుంటాయి, ప్లస్ ఎటు మైనస్ ఎటు అన్న పట్టింపు ఉండదు. ఇవన్నీ ఒకదాని తర్వాత ఒకటిగా సిరీస్‌లో ఉంటాయి, అందుకే వీటికి వోల్టేజి కాదు, కరెంటు ముఖ్యం. సాధారణంగా 220 మిల్లీఆంపియర్లు, కొన్ని పాత సింక్రోనోమ్ డయల్స్‌కు 330.

రెండోది జర్మనీ, స్విట్జర్లాండ్ తరహా. సీమెన్స్ లాంటి కంపెనీలవి. ఇవి ఎక్కువగా నిమిషానికి ఒక పల్స్ తీసుకుంటాయి, ఒక నిమిషం ప్లస్ ఇటు ఇస్తే తర్వాతి నిమిషం ప్లస్ అటు ఇవ్వాలి. 12, 24, 48, 60 వోల్టులకు చేసినవి ఉంటాయి, 24 ఎక్కువ. ఇవి పారలల్‌లో, అంటే అన్నీ ఒకే జత తీగలకు పక్కపక్కన కలుస్తాయి. ఫ్రాన్స్ బ్రిలియే గడియారాల్లో ఈ దిక్కుమార్పు పద్ధతే అరనిమిషం లెక్కన కూడా ఉంటుంది, అందుకే పేరు చూసి నిర్ణయించుకోకుండా పరీక్ష చేసి తేల్చుకోవడమే మేలు.

మీటర్ పెట్టి చూడటం

పాత వైర్లను ముందే తీసేయండి. రబ్బరు పూత ఉన్నవైతే చేత్తో పట్టుకుంటేనే పొడిపొడిగా రాలతాయి. టెర్మినల్స్‌ను సన్నటి గరుకు కాగితంతో మెరిసేలా రుద్ది, మల్టీమీటర్‌ను ఓమ్‌ల మీద పెట్టి రెండు టెర్మినల్స్ మధ్య చూడండి.

రెండు నుంచి పదిహేను ఓమ్‌ల లోపు వస్తే బ్రిటిష్ సిరీస్ రకం అనుకోవచ్చు. వందల్లో, వేలల్లో వస్తే వోల్టేజి మీద నడిచే రకం. కాకపోతే మోటారు గడియారం కాయిల్ కూడా వేల ఓమ్‌లు చూపించగలదు, కాబట్టి కళ్లతో చూసి వేరుచేశాకే ఈ అంకెను నమ్మండి. మీటర్ ఏమీ చూపించకపోతే కాయిల్ తెగిందని అప్పుడే నిరాశపడొద్దు, చాలాసార్లు తెగేది కాయిల్ లోపల కాదు, కాయిల్ తీగ టెర్మినల్‌కు చేరే చోట. భూతద్దం పెట్టి ఆ అతుకు చూడండి, పచ్చగా చిలుము పట్టి ఉంటే అదే దోషి, మళ్లీ సోల్డర్ చేస్తే సరిపోతుంది. కాయిల్‌కు అడ్డంగా ఇంకో చిన్న రెసిస్టెన్స్ చుట్ట ఉండొచ్చు, అది నిప్పురవ్వలు ఆపడానికి పెట్టింది, దాన్ని పీకేయకండి.

తర్వాత మీటర్‌ను పెద్ద రేంజిలో పెట్టి ఒక టెర్మినల్‌కు, ఇత్తడి చట్రానికి మధ్య చూడండి. అక్కడ ఏమీ చూపించకూడదు. చూపిస్తే ఇన్సులేషన్ పోయి ఎక్కడో చట్రానికి తగులుతోందని అర్థం, అది సరిచేయకుండా ముందుకు వెళ్లొద్దు.

సెల్లుతో తట్టి చూడటం

తక్కువ ఓమ్‌ల గడియారానికి ఒకే ఒక్క 1.5 వోల్టుల పెన్సిల్ సెల్లు చాలు. ఆరు ఓమ్‌ల కాయిల్‌కు 1.5 వోల్టులు ఇస్తే 250 మిల్లీఆంపియర్లు వస్తాయి, మనకు కావాల్సింది దాదాపు అంతే. సెల్లు కొత్తదై ఉండాలి. రెండు వైర్లు పట్టుకుని అర సెకను తాకించి తీసేయండి.

ఇప్పుడు మిషన్ దగ్గరగా చూడండి, చూడాల్సిన దృశ్యం ఇదే. కరెంటు అందగానే ఇనుప పట్టీ టక్కున కాయిల్ వైపు వచ్చి అతుక్కుంటుంది. దాని కొసన ఉన్న చిన్న కొక్కెం పళ్ల చక్రం మీద ఒక్క పన్ను వెనక్కి జరిగి, తర్వాతి సందులో కూర్చుంటుంది. ముల్లు ఇంకా కదలదు. వైరు తీసేశారా, అప్పుడు స్ప్రింగు పట్టీని తోస్తుంది, కొక్కెం చక్రాన్ని ఒక పన్ను ముందుకు నెడుతుంది, నిమిషాల ముల్లు అరనిమిషం దూకి ఆగుతుంది, వెనక్కి జారకుండా పక్కనున్న ఇంకో కొక్కెం పట్టుకుంటుంది. సింక్రోనోమ్ తరహా వాటిలో పద్ధతి ఇది. సెల్లు తాకించినప్పుడు ముల్లు కదల్లేదని కంగారుపడి అలాగే పట్టుకుని ఉండిపోయేవాళ్లు ఉంటారు, వదిలితేనే కదులుతుంది.

ఎక్కువ ఓమ్‌ల గడియారమైతే 9 వోల్టుల చదరపు బ్యాటరీతో మొదలుపెట్టండి. కదలకపోతే రెండు, ఆపైన మూడు బ్యాటరీలు వరుసగా కలిపితే 27 వోల్టులు, 24 వోల్టుల గడియారాన్ని పరీక్షించడానికి అది చాలు. 3000 ఓమ్‌ల కాయిల్ 24 వోల్టుల మీద తీసుకునేది 8 మిల్లీఆంపియర్లే, బ్యాటరీకి ఏమీ భారం కాదు.

ఇక్కడ రెండు సంగతులు తేల్చుకోవాలి. వైర్లు మార్చకుండా రెండుసార్లు తాకించండి. రెండుసార్లూ అడుగు వేస్తే దిక్కు పట్టింపు లేని రకం. మొదటిసారి వేసి రెండోసారి వేయకుండా, వైర్లు తారుమారు చేయగానే మళ్లీ వేస్తే అది దిక్కు మార్చాల్సిన రకం. మొదటిసారే కదలకపోతే కూడా వైర్లు తిప్పి చూడండి, బహుశా అది ఎప్పుడో ఆగిపోయినప్పుడు చివరి పల్స్ అదే దిక్కున వచ్చి ఉంటుంది. ఇక అరనిమిషమా, నిమిషమా అన్నది తెలియాలంటే నిమిషాల ముల్లు 12 నుంచి 1 దాకా రావడానికి ఎన్ని అడుగులు పట్టాయో లెక్కపెట్టండి. పది పడితే అరనిమిషం, ఐదు పడితే నిమిషం. మూత తీసే ఉంది కాబట్టి చక్రం పళ్లు కూడా చూడొచ్చు, నిమిషాల ముల్లు ఇరుసు మీది చక్రానికి 120 పళ్లుంటే అరనిమిషం రకం.

శుభ్రం చేయడం

కార్ఖానా గోడ మీద ఏళ్ల తరబడి ఉన్న గడియారంలో దూది నూగు, బొగ్గు దుమ్ము, ఎవరో వేసిన నూనె అన్నీ కలిసి జిగురులా గట్టిపడి ఉంటాయి. మెత్తటి బ్రష్షు, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో ఇరుసులు, పళ్లు తుడవండి. కానీ ఆ ఆల్కహాల్ కాయిల్ మీద పడనివ్వకండి. పాత కాయిల్స్ మీద లక్క పూత ఉంటుంది, నూలో పట్టో చుట్టిన తీగ మీద పూసింది, ఆల్కహాల్ తగిలితే అది కరిగిపోతుంది. కాయిల్‌కు పొడి బ్రష్షు చాలు.

నూనె విషయంలో చేయి బిగపట్టుకోండి. ఇరుసు కొసల దగ్గర గడియారం నూనె సూది మొనతో ఒక్క బొట్టు. పళ్ల మీద వద్దు, అయస్కాంతం మీద అసలే వద్దు. కొబ్బరినూనె వేసిన గడియారం చలికాలంలో పట్టేస్తుంది, తుప్పు వదిలించే స్ప్రే కొట్టినది కొన్నాళ్లకు జిడ్డు పట్టి ఆగుతుంది. ముళ్లను చేత్తో వెనక్కి తిప్పకండి, కొక్కెం విరుగుతుంది.

పల్సులు ఇచ్చే సర్క్యూట్

తయారుగా దొరికే డ్రైవర్లు బయటి దేశాల్లో అమ్ముతారు, గడియారం కన్నా వాటి ఖర్చే ఎక్కువ అవుతుంది. ఆర్డుయినో నానో బోర్డు (ప్రోగ్రాము రాసి నడిపించే చిన్న కంప్యూటర్ బోర్డు), డీఎస్ 3231 టైము మాడ్యూల్ తెచ్చుకుని మీరే చేసుకోవచ్చు. ఆన్‌లైన్‌లో దొరుకుతాయి, హైదరాబాద్ వెళ్లే పనుంటే కోఠీ గుజరాతీ గల్లీలో అన్నీ ఒక్కచోట దొరుకుతాయి. ఇంట్లో గానీ పక్కింట్లో గానీ ఇంజినీరింగ్ చదివే పిల్లలుంటే ప్రోగ్రాము రాయడం వాళ్లకు ఒక సాయంత్రం పని.

డీఎస్ 3231 ఎందుకంటే, అది వేడిని కొలిచి తన లెక్కను తానే సరిచేసుకుంటుంది. సున్నా నుంచి 40 డిగ్రీల దాకా పది లక్షల్లో రెండు వంతుల తేడాలో ఉంటుంది, అంటే ఏడాదికి నిమిషం అటూ ఇటూ. మన మే నెలలో రేకుల షెడ్డులో 40 దాటినా కొంచెం తప్పుతుంది తప్ప చెడిపోదు. మామూలు క్రిస్టల్‌కు ఈ ఓర్పు ఉండదు. ఈ మాడ్యూల్‌తో ఒక ప్రమాదం ఉంది. చౌకగా దొరికే బోర్డుల మీద సెల్లును ఛార్జి చేసే దారి ఒకటి ఉంటుంది, మనం పెట్టే సీఆర్ 2032 సెల్లు ఛార్జి చేయకూడని రకం, ఉబ్బిపోతుంది. సెల్లు పక్కనున్న ఆ 200 ఓమ్‌ల రెసిస్టర్‌ను తీసేశాకే సెల్లు పెట్టండి.

బ్రిటిష్ రకానికి వైరింగ్ చాలా తేలిక. 5 వోల్టుల సప్లై ప్లస్ నుంచి ఒక రెసిస్టర్, దాని నుంచి గడియారం, గడియారం నుంచి ఐఆర్ఎల్‌జెడ్ 44 ఎన్ మాస్‌ఫెట్ (నానో బోర్డు చెప్పినప్పుడు కరెంటు వదిలే ఎలక్ట్రానిక్ స్విచ్చు), అక్కడి నుంచి మైనస్. రెసిస్టర్ లెక్క ఇలా. 5 వోల్టులను 0.22తో భాగిస్తే దాదాపు 23 ఓమ్‌లు, అందులోంచి మీ కాయిల్ ఓమ్‌లు తీసేయండి. కాయిల్ ఆరు ఓమ్‌లైతే 17 మిగులుతుంది, బజారులో దొరికే 18 ఓమ్‌లది, 2 వాట్లది పెట్టండి. రెండు గడియారాలు సిరీస్‌లో పెడితే 10 ఓమ్‌లు చాలు. గడియారం టెర్మినల్స్ మీదుగా 1ఎన్ 4007 డయోడ్‌ను తిరగేసి, అంటే గీత ఉన్న వైపు ప్లస్‌కు వచ్చేలా పెట్టాలి. పల్స్ ఆగినప్పుడు కాయిల్ వెనక్కి కొట్టే వోల్టేజిని అది మింగేస్తుంది, లేకపోతే మాస్‌ఫెట్ పోతుంది. మాస్‌ఫెట్ గేటు, అంటే బోర్డు ఆజ్ఞ అందుకునే కాలు, అక్కడి నుంచి మైనస్‌కు 10 కిలో ఓమ్‌ల రెసిస్టర్ మరచిపోకండి, బోర్డు ఆన్ అయ్యే క్షణంలో దొంగ పల్సులు రాకుండా ఆపేది అదే. పల్స్ పొడవు 300 మిల్లీసెకన్లు పెట్టండి. కరెంటు తక్కువైతే గడియారం పల్సులు వదిలేసి వెనకబడుతుంది, మరీ ఎక్కువైతే ఒక్క తోపుకు రెండు పళ్లు దూకుతుంది, ఈ రెండు లక్షణాలను బట్టి రెసిస్టర్ సవరించుకోండి.

దిక్కు మార్చే రకానికి మాస్‌ఫెట్ బదులు కరెంటు దిక్కు తిప్పగలిగే ఎల్ 293 డి ఐసీ కావాలి. 36 వోల్టుల దాకా తట్టుకుంటుంది, వెనక్కి కొట్టే వోల్టేజికి డయోడ్లు లోపలే ఉంటాయి. వోల్టేజి పెంచే చిన్న బూస్ట్ మాడ్యూల్‌ను గడియారానికి కలపకముందే మీటర్ పెట్టి 25 దగ్గర నిలపండి, ఐసీలో కొంత పోతుంది కాబట్టి గడియారానికి 24 దరిదాపుల్లో అందుతుంది. సప్లై మీద 100 మైక్రోఫారడ్, 50 వోల్టుల కెపాసిటర్ ఒకటి. పల్స్ ఒకటి రెండు సెకన్లు ఉండాలి, పల్సుల మధ్యలో కాయిల్‌కు ఏ వైపునుంచీ వోల్టేజి ఉండకూడదు. చివరి పల్స్ ఏ దిక్కున ఇచ్చిందో ప్రోగ్రాము గుర్తుంచుకోవాలి, మరచిపోతే తిరిగి మొదలైనప్పుడు మొదటి పల్స్ వృథా అయి గడియారం ఒక నిమిషం వెనకబడుతుంది.

ప్రోగ్రాములో 30 సెకన్లకోసారి పల్స్ ఇచ్చి ఊరుకోకండి. ముళ్లు ఎక్కడున్నాయో ఒక అంకె పెట్టుకోండి. అరనిమిషం రకానికి 12 గంటలకు 1440 అడుగులు, కాబట్టి 0 నుంచి 1439 దాకా. ప్రతి సెకనూ అసలు టైమును ఆ అంకెతో పోల్చాలి. ముళ్లు వెనకబడి ఉంటే సెకనుకొకటి చొప్పున పల్సులు ఇచ్చి అందుకోవాలి, గంటలోపు ముందుంటే పల్సులు ఆపేసి టైము వచ్చేదాకా ఆగాలి. వెనక్కి నడిపే దారి లేదు. పూర్తి 12 గంటలు తిరిగి రావాల్సి వచ్చినా సెకనుకొకటి చొప్పున 24 నిమిషాల్లో వచ్చేస్తుంది. ఒక్క అడుగు వేయించే బటన్ కూడా ఒకటి పెట్టుకోండి, మొదట సెట్ చేయడానికి అది లేకపోతే చాలా ఇబ్బంది.

కరెంటు పోతే

ముళ్ల స్థానాన్ని నానో బోర్డు ఈఈప్రామ్‌లో, అంటే కరెంటు పోయినా చెరగని మెమరీలో, ప్రతి పల్సుకూ రాసే ప్రోగ్రాములు చాలా తిరుగుతున్నాయి, వాటిని కాపీ కొట్టకండి. ఆ మెమరీలో ఒక గడికి లక్ష రాతల వరకే హామీ. అరనిమిషానికొకటి అంటే రోజుకు 2880 రాతలు, అదే గడిలో రాస్తూపోతే ముప్పై అయిదు రోజుల్లో లక్ష దాటుతుంది. దానికన్నా అసలు ఆగకుండా చూసుకోవడం సులువు. 12 వోల్టుల, 7 ఆంపియర్ అవర్ సీలు బ్యాటరీ ఒకటి, దానికి తగిన ఛార్జరు, 12ను 5 చేసే బక్ మాడ్యూల్ ఒకటి. గడియారం తాగే కరెంటు ఎంతో చూడండి: 0.22 ఆంపియర్లు, 0.3 సెకన్లు, రోజుకు 2880 సార్లు, మొత్తం కలిపి 53 మిల్లీఆంపియర్ అవర్లు. పక్కన కూర్చుని లెక్కపెట్టే నానో బోర్డే దానికి తొమ్మిది పదింతలు తాగుతుంది. బ్యాటరీని సగం వరకే వాడుకున్నా వారం దాటి నడుస్తుంది. గాలివానకు రెండు రోజులు లైను రాకపోయినా దిగులు లేదు.

ఛార్జరు మాత్రం మంచి కంపెనీది కొనండి. ట్రాన్స్‌ఫార్మర్ లేకుండా నేరుగా మెయిన్స్ నుంచి తీసే చౌక సర్క్యూట్లు ఉంటాయి, వాటితో ఇత్తడి చట్రానికే 230 వోల్టులు ఎక్కే ప్రమాదం ఉంది.

గోడకు ఎక్కించే ముందు బల్ల మీద రెండు మూడు రోజులు నడవనివ్వండి, ముళ్లు అన్నీ బిగించి, గడియారాన్ని నిలువుగా ఆనించి. పడుకోబెట్టి పరీక్షిస్తే ముళ్ల బరువు తెలియదు. నిమిషాల ముల్లు 6 నుంచి 12 వైపు ఎక్కేటప్పుడే మిషన్‌కు కష్టం, వెనకబడితే ఆ అరగంటలోనే వెనకబడుతుంది, కాబట్టి ప్రతి గంటా నలభై అయిదు నిమిషాల దగ్గర ఒకసారి చూస్తూ ఉండండి. అక్కడ పల్సు తప్పుతుంటే ముల్లు తోకవైపు ఉన్న బరువు రాలిపోయిందేమో ముందు చూసి, ఆ తర్వాతే కరెంటు కొంచెం పెంచండి. ఇనుప కేసు చాలా బరువు, గోడ రంధ్రంలో దింపే ప్లాస్టిక్ ప్లగ్గులు సరిపోవు, లోహపు యాంకర్ బోల్టు వేయించండి. పల్సు వైర్లను ఇంటి కరెంటు వైర్లున్న పైపులోంచి తీయకుండా వేరే పట్టీలో తీయండి.